బిలహరికి వన్స్ మోర్

చచ్చిపోయిన రాజు లేచి కూర్చుని, జారిన కిరీటం సర్దుకుని, పద్యం మళ్ళీ ఎత్తుకుని, అది అయ్యాక శుభ్రంగా ఇంకోసారి చచ్చిపోవడం మీరెప్పుడన్నా చూశారా? నేను చూశాను. పెళ్ళయిన కొత్తలో దాదాపు ప్రతి ఆటలోనూ చూశాను. ఆ రాజు మా ఆయనే, వీర్రాజు గారు. పద్యనాటకం అంటే ఏమిటో తెలిసినవాళ్ళే ఇప్పుడు తక్కువ గనక విడమరిచి చెప్తున్నా. పద్యం నచ్చితే జనంలోంచి "వన్స్ మోర్!" అని కేక పడుతుంది. పడితే పాడాల్సిందే. కథ ఎక్కడున్నా సరే, పాడేవాడు శవమైనా సరే, లేవాలి. వన్స్ మోర్‌ని కాదన్నవాడు మళ్ళీ మొహానికి రంగు వేసుకోకూడదని మా నాటక మండలి నియమం. మా మావగారు పెట్టారు. ఆ మహానుభావుడు ఇంకేం ఇవ్వకపోయినా ఇదొక్కటీ ఇచ్చి పోయారు.

నా పేరు మంగతాయారు. రాణి వేషాలు కడతాను. మాది పాలకొల్లు. మా మండలికి పేరు తెచ్చింది ఉజ్జ్వలసేన మహారాజు నాటకం. ఏరు పొంగి ఊరు మునగబోతుంటే రాజు గట్టు తెగ్గొట్టమంటాడు. ఊరు దక్కుతుంది. గట్టు దిగువన చేలో ఆడుకుంటున్న రాజు కూతురు మాత్రం దక్కదు. తెల్లారాక ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని రాజు ఒక పద్యం పాడి ప్రాణం వదుల్తాడు. మా ఆయన లేచి లేచి చచ్చిపోయిన సీను అదే.

మాకూ ఒక్కతే కూతురు. ఆయన మొండిపట్టు పట్టి దానికి బిలహరి అని పేరు పెట్టారు. "రాగం పేరే పెట్టాలంటే కల్యాణి అనో మోహన అనో పెట్టచ్చు కదండీ, ఇదేం పేరు?" అని మొత్తుకున్నాను. వింటేనా! బారసాల నాడు మా వైపు వాళ్ళంతా మూతులు బిగించి నవ్వుకున్నారు. బిలూ అని పిలుచుకునేవాళ్ళం. అది తండ్రిని నాన్నా అనే అనేది. నన్ను మాత్రం అమ్మా అనేది కాదు, ఇంకో పేరు పెట్టుకుంది. ఆ పేరు సంగతి చివర్లో చెప్తాను.

బిలూకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. మా ఊరి డాక్టరు భీమవరం తీసుకెళ్ళిపొమ్మన్నాడు. ఆటోలో పిల్ల తల ఆయన ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. వీరవాసరం దాటాక ఆయన మాట్లాడ్డం మానేశారు. ఆసుపత్రి ముందు ఆటో ఆగితే ఆయన దిగలేదు. దిగండీ, దిగండీ అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన అలాగే కూర్చున్నారు. అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన ఆ సీను ఆడుతూనే వచ్చారు, నేను పక్కన రాణిగా శోకిస్తూనే వచ్చాను. జనమే తగ్గుతూ వచ్చారు. తగ్గకుండా చూద్దామని మేము చెయ్యని వెర్రి పని లేదు. నాటకం సగానికి కోశాం. పద్యం మధ్యలో డప్పులు పెట్టాం. ఒకచోట రాజు చేత స్టెప్పులు వేయించాం, ఛీ, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆఖరికి ఒక తీర్థంలో ఆడుతుంటే కాలేజీ కుర్రాడొకడు "ఇదే భాషరా?" అని పక్కవాణ్ణి అడిగాడు. నేను స్టేజీ మీద గుండెలు బాదుకుంటూ ఆ మాట విన్నాను. ఆ ఆటలో కేక పడలేదు. రాజు చచ్చిపోయాడు, కాసేపు ఎదురుచూశాడు, తెర పడింది.

మేకప్ గదిలో మా ఆయన అద్దం ముందు కూర్చుని రంగు తుడవకుండా అలా ఉండిపోయారు. హార్మోనియం వాయించే కనకారావు అన్నయ్య పెట్టె మూత వేస్తున్నాడు. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు, ముప్ఫై ఏళ్ళుగా మాతో తిరుగుతున్న మనిషి. అప్పుడు వచ్చింది ఇందుప్రియ. పాతికేళ్ళు దాటి ఉంటాయి, జీన్సు ప్యాంటు, కళ్ళజోడు.

"మాస్టారూ, మీ పద్యం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండీ" అంది.

"చాలా సంతోషం తల్లీ" అన్నారు ఆయన.

"అర్థం కాకపోయినా అందేలా చెయ్యచ్చు. మీరు ఒప్పుకుంటే విశాఖపట్నం రండి. మా ల్యాబులో ఒక వల తయారు చేశాం. మీ కిరీటంలో పెట్టుకోవచ్చు."

ఆయన అద్దంలోంచే ఆ పిల్లని చూశారు. "కేక పడుతుందా?" అని అడిగారు. ఆ ఒక్క మాటే అడిగారు.

*

ల్యాబంటే ఏవో సీసాలూ పొగలూ ఉంటాయనుకున్నా. మామూలు హాలే, కుర్చీలు వేసి ఉన్నాయి. కిరీటం లోపల జల్లెడలా సన్నటి లోహపు వల అంటించారు. చూడ్డానికొచ్చిన కుర్రాళ్ళందరి ముంజేతులకీ పట్టీలు కట్టారు. వేషం కట్టినవాడి మనసులో కలిగింది వలలోంచి వచ్చి పట్టీల్లోంచి వీళ్ళకి చేరుతుందట. మాటతో పనిలేదు, భాషతో పనిలేదు. కనకారావు అన్నయ్య శ్రుతి ఇచ్చాడు. మా ఆయన నన్ను చూసి కన్నుకొట్టి పద్యం ఎత్తుకున్నారు. అబ్బ, ఆ పూట గొంతు ఎంత బాగా పలికిందో! నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

పద్యం అయ్యాక ఇందుప్రియ కుర్రాళ్ళని అడిగింది, "ఏమనిపించింది?"

ఒక అమ్మాయి, "కుడి మోకాలు నొప్పెట్టింది మేడం" అంది. ఇంకొకడు లేచి, "నాకు పెసరట్టు తినాలనిపించింది" అన్నాడు. హాలంతా గొల్లుమంది. కనకారావు అన్నయ్య హార్మోనియం మీద తల పెట్టుకుని నవ్వాడు.

నవ్వక ఏం చేస్తాం? ఆ మోకాలి నొప్పీ ఆయనదే, ఆ పెసరట్టు ఆకలీ ఆయనదే. ఏడుపు పద్యం పాడేవాడు ఏడిస్తే గొంతు పూడిపోతుందండీ. మనసు ఊపిరి మీద ఉండాలి, శ్రుతి మీద ఉండాలి. మా మావగారు నేర్పించింది అదే. లోపల చల్లగా ఉంటేనే బయట మంట చూపించగలం. ఆయన లోపల చల్లగా ఉండబట్టే ఇరవై ఏళ్ళు ఆ సీను ఆడగలిగారు. నేనూ అంతే.

"ఇలా కుదరదు మాస్టారూ. నటిస్తే సరిపోదు. మీకు నిజంగా కలగాలి" అంది ఇందుప్రియ మెల్లిగా.

ఆయన నవ్వు ఆగిపోయింది. కిరీటం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచు తడుముతూ కూర్చున్నారు. తర్వాత మళ్ళీ పెట్టుకున్నారు. నేనూ సరదాకి ఒక పట్టీ కట్టించుకుని వెనక కుర్చీలో కూర్చున్నా.

రెండోసారి గొంతు అంత బాగా లేదు. మొదటి పాదంలోనే వణికింది. రెండో పాదానికి వచ్చేసరికి హాల్లో కుర్రాళ్ళంతా ఒక్కసారిగా తల వంచుకుని తమ ఒళ్ళోకి చూసుకున్నారు. నేనూ చూసుకున్నా. ఒళ్ళో బరువు. వేడిగా ఉంది. చిన్న తల. చెమటకి తడిసిన జుట్టు. ఆ తల నెమ్మదిగా, నెమ్మదిగా ఇంకా బరువెక్కింది.

ఓరి నాయనో! నాకు ఇరవై ఏళ్ళుగా కాళ్ళే తెలుసు. తల సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఇంతమంది మధ్య కుర్చీలో కూర్చుని నా కూతురి తల మొదటిసారి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

పద్యం ఆగింది. ఎవడో వెక్కుతున్నాడు. ఇందాకటి పెసరట్టు కుర్రాడు లేచి నిలబడ్డాడు. వాడికి మా ఆచారం తెలీదు, ఏమని అరవాలో తెలీదు. "ఇంకోసారి సార్, ప్లీజ్" అన్నాడు.

మా ఆయన మొహం చూశాను. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. ఇరవై ఏళ్ళలో ఆ వెలుగు చూళ్ళేదు నేను.

"నన్ను ఒక్క మాట అడగలేదే!" అన్నాను తిరుగు ప్రయాణం రైల్లో. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇంకోసారి అన్నాడే తాయారూ. విన్నావా?" అన్నారు.

*

చెప్పొద్దూ, ఆ ఏడాదంతా పండగే. విశాఖపట్నంలో, విజయవాడలో, హైదరాబాదులో హాళ్ళు నిండిపోయాయి. వచ్చినవాళ్ళంతా చిన్నవాళ్ళు. పద్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళు, తెలుగే రానివాళ్ళు. తల వంచి ఒళ్ళోకి చూసుకునేవాళ్ళు. ఆట అయ్యాక బయట మెట్ల మీద నిలబడి ఇళ్ళకి ఫోన్లు చేసుకునేవాళ్ళు. "ఏం లేదమ్మా, ఊరికే చేశాను" అని ఒక పిల్లవాడు అంటుంటే నేను చాటునుంచి విన్నాను. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి? వన్స్ మోర్ అని అరవాలని వాళ్ళకి కనకారావు అన్నయ్యే నేర్పించాడు. నేర్పించాక ఇక ఆగుతారా?

ఇందుప్రియ ముందే ఒక షరతు పెట్టింది. ఆటకి ఒక్కసారే వల పనిచెయ్యాలి. కేక పడితే వల ఆపేసి ఉత్త గొంతుతో పాడాలి. మీట కిరీటం వెనకాల చెవి దగ్గర ఉంటుంది, ఆపుకోవడం ఆయన చేతిలో పని. ఆ పిల్ల చెప్పింది ఎవరికండీ? వన్స్ మోర్ మీద బతికిన మనిషికి! జనం మళ్ళీ అడిగేది గొంతు కోసం కాదని ఆయనకి తెలుసు. ఉత్త గొంతుతో పాడి వాళ్ళని మోసం చేస్తారా? చెయ్యి చెవి దాకా వెళ్ళేది, మీట ముట్టుకోకుండానే కిందికి దిగేది. రెండోసారి, మూడోసారి, ఒక్కోచోట నాలుగోసారి. నేను రాణి వేషంలో పక్కనే కూర్చుని ఆ చెయ్యి దిగడం చూస్తూనే ఉన్నాను. ఆచారం కదా అనుకున్నాను.

బిలూ పుట్టినరోజు వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు పాలతాలికలు చేస్తాను, దానికి ప్రాణం. దాని ఫొటో ముందు ఒక గిన్నె పెట్టి, మేమిద్దరం చెరొకటి తీసుకుంటాం. ఆయన ఏనాడూ ఒక్క చెంచా మింగలేదు. గిన్నె పట్టుకుని కూర్చుంటారు, నేను తీసేస్తాను. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో పూజంటే అదే.

ఆ ఏడు ఆయన గిన్నె ఖాళీ చేశారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. "ఏలకులు బాగా పడ్డాయే" అన్నారు. లేచి, ఫొటో ముందున్న గిన్నె కూడా తీసుకుని తినేశారు.

"ఏవండీ, అది పిల్లదండీ" అన్నాను.

"ఏ పిల్లా?" అన్నారు. అని, ఒక్క క్షణం ఆగి, "ఆఁ, అవును కదూ, బిలహరి" అన్నారు. ఎదురింటివాళ్ళ అమ్మాయి పేరు గుర్తొచ్చినట్టు అన్నారు. బిలూ అని కూడా అనలేదు.

*

మర్నాడే విశాఖపట్నం వెళ్ళి ఇందుప్రియని పట్టుకున్నాను. ఆ పిల్ల నన్ను చూడగానే తల దించుకుంది.

"ఏమ్మా, మా ఆయన్ని ఏం చేశావ్?"

"జ్ఞాపకం తల్చుకున్నప్పుడల్లా మెదడు దాన్ని బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టుకుంటుంది అమ్మా. మా వల దాన్ని గట్టిగా లాగుతుంది. మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పటికి కొంచెం పల్చబడుతుంది. ఒకసారికి పెద్ద తేడా ఉండదనుకున్నాం."

"చెరిగిపోతుందా?"

"చెరగదు. వెలుస్తుంది."

"ఉతికి ఉతికి చీర వెలిసినట్టా?"

తలూపింది. కంప్యూటరులో గీతలు చూపించింది. మొదటి ఆటవి కొండల్లా ఉన్నాయి. మొన్నటి ఆటవి చదును. నాకు గీతలు చదవడం రాదు, అయినా అది చదవడానికి చదువు అక్కర్లేదు.

"తెలిసి ఎందుకు ఊరుకున్నావే? నీకు అమ్మా నాన్నా లేరా?" అని అరిచాను.

"మాస్టారికి చెప్పానమ్మా. చాలాసార్లు చెప్పాను. ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట అన్నారు. మా పైవాళ్ళూ అదే అన్నారు. నేనూ..." ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "హాలు అలా నిండడం నేనూ చూశాను కదమ్మా. నేనూ ఊరుకున్నాను."

ఆయనకి తెలుసన్నమాట! తెలిసే చేశారు.

ఇంటికొచ్చి అడిగేశాను. వంటింటి గడప మీద కూర్చుని ఆయన చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. దాచలేదు.

"ఇరవై ఏళ్ళు మోశాను తాయారూ. ఆటో ఎక్కినప్పుడల్లా ఒళ్ళు చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆటో ఎక్కితే ఆటోలాగే ఉంది. నాకు నిద్ర పడుతోంది. జనం వస్తున్నారు. ఇందులో తప్పేముంది చెప్పు."

"అది నీ ఒక్కడిదీ కాదు!" నా జన్మలో ఆయన్ని నువ్వు అన్నది అదే మొదలు. "దాన్ని మోసేవాళ్ళం ఇద్దరమే ఉన్నాం ఈ లోకంలో. నువ్వు దించేసి పోతే నేనొక్కదాన్నీ ఏం చెయ్యను?"

"నువ్వూ దించెయ్యవే" అన్నారు జాలిగా. నిజంగా జాలిపడే అన్నారు. దానికి నాకు ఏడుపు కూడా రాలేదు.

అప్పుడైనా ఆపారా? లేదు. హైదరాబాదులో పెద్ద హాలు, ఇసకేస్తే రాలని జనం. పద్యం మొదలైంది. నేను పక్కన కూర్చుని జనం తలలు వంగడం కోసం చూస్తున్నా. ఒక్క తలా వంగలేదు. ఒకడు మోకాలు రుద్దుకున్నాడు. పక్కవాడు కిసుక్కుమన్నాడు. ఇంకో వరసలో నవ్వు, తర్వాత హాలంతా నవ్వు. మహారాజు కూతురి శవాన్ని ఒళ్ళో పెట్టుకుని నవ్వుల మధ్య ఆలాపన పూర్తి చేశాడు. ఆయన గొంతు ఆ పూట ఎంత బాగుందో చెప్పలేను. ఎవడికి కావాలి?

కేక పడలేదు. మర్నాటి నుంచి ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

"ఆ పిల్ల గురించి చెప్పు. మళ్ళీ తెచ్చుకుంటాను. నేను ఏ పాత్రైనా ఇట్టే పట్టేస్తానని నీకు తెలుసుగా" అన్నారు.

చెప్పాను. నేనే పిచ్చిదాన్ని. ఆశ చావదు కదా. దానికి ముందుపన్ను వంకరనీ, చింతకాయ తొక్కు దొంగతనంగా తినేదనీ, వర్షం వస్తే చూరు కింద నిలబడి నోరు తెరిచేదనీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత అప్పజెప్పారు. "ముందుపన్ను వంకర..." అంటూ గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎంత అందంగా చెప్పారని! చెప్పి, "ఎలా ఉంది?" అని నా వైపు చూశారు.

నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

*

అప్పుడు తట్టింది నాకు. తల పోతే పోయింది. కాళ్ళు నా దగ్గర ఉన్నాయి. ఇంకా బోలెడు ఉన్నాయి. కిరీటం నేను పెట్టుకుని, పట్టీ ఆయన చేతికి కడితే? నాలో ఉన్న బిలూ ఆయనలోకి వెళ్ళదూ?

"వెళ్తుందేమో, నిలుస్తుందని మాత్రం చెప్పలేనమ్మా. మీది కూడా వెలుస్తుంది" అంది ఇందుప్రియ. చేతులు పట్టుకుని వద్దని బతిమాలింది. "పైగా మీరు చేసే పని హాల్లో ఎందుకు? ల్యాబులో చేద్దాం."

"ల్యాబులో నాకు ఏడుపు రాదమ్మాయ్. నా బతుకంతా స్టేజీ మీదే ఏడ్చాను."

నాటకం కాస్త మార్చాం. పిల్లని ఒళ్ళో పెట్టుకునేది రాజు కాదు, రాణి. విశాఖపట్నంలో హాలు మళ్ళీ నిండింది. కొత్తగా ఏం చూపిస్తారా అని వచ్చారు. మొదటి వరసలో మా ఆయన పంచె కట్టుకుని, లాల్చీ తొడుక్కుని, ముంజేతికి పట్టీతో కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఆయన్ని జనంలో చూడటం అదే మొదటిసారి. కనకారావు అన్నయ్య శ్రుతి అందిస్తూ, "చెల్లెమ్మా, జాగ్రత్త" అన్నాడు.

కాళ్ళ జ్ఞాపకం తియ్యలేదు నేను. కాళ్ళ జోలికి పోకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. సవరం జ్ఞాపకం తీశాను. రాణి వేషానికి మోకాళ్ళ దాకా వచ్చే సవరం జడ కడతాం. మూడేళ్ళప్పటి నుంచీ బిలూకి ఆ జడంటే పిచ్చి. నేను స్టేజీ మీదికి వెళ్ళబోతుంటే తెర చాటున ఆ జడ కొస రెండు చేతులతో పట్టుకుని వేళ్ళాడేది. పోనిచ్చేది కాదు. వెనక్కి లాగి లాగి, ఆ పేరుతో నన్ను పిలిచి, ముద్దు పెట్టించుకుని గానీ వదిలేది కాదు. బయట వాయిద్యాలు నా కోసం మోగుతుండేవి, నేను వంగి ముద్దులు పెడుతుండేదాన్ని.

అది తల్చుకుని పద్యం ఎత్తాను.

రెండో పాదంలో జనం చేతులు లేచాయి. అందరూ ఒకేసారి మెడ వెనక్కి చెయ్యి పెట్టుకున్నారు, వెనకనుంచి ఎవరో జుట్టు లాగినట్టు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆయనా మెడ మీద చెయ్యి వేసుకున్నారు. వేసుకుని, వెనక్కి తిరిగి, కిందికి, మూడేళ్ళ పిల్ల నిలబడేంత ఎత్తుకి చూశారు. ఆయన పెదవులు కదిలాయి. దేవుడా, అందింది! పాడుతూనే ఏడ్చాను, గొంతు పూడిపోయింది, సగం పద్యం గాలే వచ్చింది. ఎవడికి లెక్క? ఆయన లాల్చీ ముందు భాగమంతా తడిసిపోయింది. ఇరవై ఏళ్ళలో అంత ఏడుపు ఆయన ఏడవలేదు.

పద్యం అయిపోయింది.

మొదటి వరసలో ఆయన లేచి నిలబడ్డారు. నా దగ్గరికి వస్తారనుకున్నా. రెండు చేతులూ పైకెత్తారు. మొహమంతా నీళ్ళు, మొహమంతా సంతోషం.

"వన్స్ మోర్!" అన్నారు.

ఆ వెంటనే హాలంతా లేచింది. వన్స్ మోర్, వన్స్ మోర్! గోడలు అదిరిపోతున్నాయి. కనకారావు అన్నయ్య వేళ్ళు అలవాటుకొద్దీ హార్మోనియం మీదికి పోయాయి, శ్రుతి మళ్ళీ మొదలైంది. అందరికంటే పైగొంతుతో అరుస్తున్నది మా ఆయనే. నా చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. మీట నొక్కలేదు నేను. కిరీటమే తీసి కింద పెట్టాను.

కేకలు కాసేపు సాగాయి, తర్వాత ఈలలు, తర్వాత తిట్లు. నేను మెట్లు దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నారు.

"తాయారూ, ఏం చేశావే! మా నాన్న ఉంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేవాడు. ఎక్కడ పట్టావే ఆ ఏడుపు?"

నేను ఆయన మొహంలోకి చూశాను. వెతికాను. మంచి ఆట చూసిన ప్రేక్షకుడు తప్ప అక్కడ ఎవరూ లేరు.

"కానీ వన్స్ మోర్‌ని కాదన్నావు చూడూ, అది తప్పు" అన్నారు మళ్ళీ, బాధగా.

*

తప్పే. నియమం ప్రకారం ఆ తర్వాత నేను మొహానికి రంగు వేసుకోలేదు. ల్యాబులో ఆ వల ఆపేశారని ఇందుప్రియ ఫోను చేసింది. ఇంకెవరో వేరేచోట తయారు చేస్తున్నారని కూడా తనే చెప్పింది. ఆయన పొద్దున్నే లేచి సాధన చేసుకుంటారు, కడుపునిండా తింటారు, హాయిగా నిద్రపోతారు. ఎప్పుడైనా గోడ మీది ఫొటో కేసి చూసి "చక్కటి మొహం" అంటారు. పుట్టినరోజుకి ఇప్పుడు నేనొక్కదాన్నే గిన్నె పట్టుకుని కూర్చుంటున్నా.

పేరు సంగతి చెప్తానన్నాను కదా. ఆ ఆట అయ్యాక నెలకేమో, ఊరికే తల్చుకుందామని చూస్తే దొరకలేదు. పిల్ల జడ పట్టుకోవడం తెలుసు, పిలవడం తెలుసు, పెదవులు కదలడం కనిపిస్తోంది. ఏమని పిలిచేదో లేదు. రెండు రోజులు గిలగిల్లాడి కనకారావు అన్నయ్యకి ఫోను చేశాను.

"అదేంటి చెల్లెమ్మా, జడమ్మా అని కదూ పిలిచేది! తెర చాటున జడమ్మా, జడమ్మా అని హార్మోనియం దగ్గరున్న నాకు వినిపించేలా అరిచేది" అన్నాడు.

జడమ్మ. విన్నాను. నాలో నేను పదిసార్లు అనుకున్నాను. మంచి పేరే. ఎవరి పిల్లో వాళ్ళ అమ్మని పిలుచుకున్నట్టుంది.

కాళ్ళు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుంటే ఇప్పటికీ ఒళ్ళోకి వస్తాయి, కాళ్ళ వెండి పట్టీలు చల్లగా తగుల్తాయి. ఎక్కువసేపు ఉంచుకోను, లేచి ఏదో పని పెట్టుకుంటాను. చెప్పినా వెలుస్తుందేమోనని నాకు భయం. మీరు అడిగారు గనక ఇంతవరకూ చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమని మాత్రం అడక్కండి.